రోస్టో మెట్ల మీద పరకాల ఎక్కడ?

హన్మకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు నేను ఎకానమీ చెబుతాను. అభివృద్ధి సిద్ధాంతాల అధ్యాయాన్ని వాళ్లు బిట్లు బిట్లుగా మింగుతారు. రోస్టో, 1960, అయిదు దశలు. లూయిస్, 1954, మిగులు శ్రామికులు. ఫ్రాంక్, 1966, పరాధీనత. పరీక్షకు అంతే చాలు. కిందటేడు ఒకరోజు రోస్టో దశల్ని బోర్డు మీద మెట్లలాగా గీసి వెనక్కి తిరిగేసరికి, పరకాల దిక్కు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లగాడు అడిగాడు: “సార్, మరి మనం ఏ స్టేజిల ఉన్నం?”

బిట్ అయితే టక్కున చెప్పేవాణ్ని. దీనికి నోరు రాలేదు. ‘మనం’ అంటే ఎవరు? భారతదేశమా, తెలంగాణా, పరకాలా, వాళ్ల నాయిన వేసిన మూడెకరాల పత్తి చేనా? ఒక్కోదానికి ఒక్కో మెట్టు చెప్పాలి. ఏ మెట్టూ సరిగ్గా అతకదు. పేద దేశాలు పేదగా ఎందుకు ఉండిపోయాయని దాదాపు ఎనభై ఏళ్లుగా పండితులు కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాటను ఈసారి మన పత్తి బస్తా మీద పెట్టి చూద్దామనిపించింది.

మెట్ల లెక్క

వాల్ట్ రోస్టో అమెరికా ఆర్థిక చరిత్రకారుడు. 1960లో అచ్చయిన ఆయన పుస్తకానికి ‘కమ్యూనిస్టేతర ప్రణాళిక’ అనే అర్థం వచ్చే ఉపశీర్షిక ఉంది. అంటే అది ఎవరి మీదికి రాసిందో అట్ట మీదే తెలుస్తుంది. తర్వాత ఆయన కెన్నెడీ, జాన్సన్ ప్రభుత్వాల్లో సలహాదారుగా పనిచేశాడు, వియత్నాం యుద్ధాన్ని గట్టిగా సమర్థించాడు. ఆయన చెప్పినదాని ప్రకారం దేశాలన్నీ ఒకే దారిన నడుస్తాయి. మొదట సంప్రదాయ సమాజం, తర్వాత ప్లవనానికి, అంటే టేకాఫ్‌కు ముందు షరతులు సమకూరే దశ, ఆపైన ప్లవన దశ, పరిపక్వత వైపు నడక, చివర భారీ వినియోగం. జాతీయాదాయంలో పెట్టుబడి వాటా 5 శాతం దగ్గర్నుంచి 10 శాతం దాటితే విమానం రన్‌వే వదిలి లేస్తుంది. మీకేమీ కాలేదు, కాస్త ఆలస్యంగా బయల్దేరారు అన్న ఓదార్పు ఇందులో ఉంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల నాయకులకు అది తియ్యగా వినబడింది.

మరి వరంగల్ సంగతి చూడండి. 1889 నాటికి నిజాం రైలు ఈ ఊరి మీదుగా బెజవాడ చేరింది. అదే ఏడు ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. చుట్టూ నల్లరేగడి, దాంట్లో పత్తి. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది, దానికి సొంత కరెంటు కూడా ఉండేది. రైలు, బొగ్గు, కరెంటు, ముడిసరుకు, మిల్లు. రోస్టో అడిగిన షరతుల్లో ఏది తక్కువ? ఆఖరికి మామునూరులో నిజం రన్‌వే కూడా ఉంది, దశాబ్దాలుగా దాని మీంచి ప్రయాణికుల విమానం లేవలేదన్నది వేరే కథ. మిల్లు 2002లో మూతపడింది. ఆ నేలలో చాలా భాగం ప్లాట్లయింది. ఎక్కిన మెట్టు దిగడం ఎట్లా జరుగుతుందో రోస్టో పుస్తకంలో లేదు.

ఆయనకు ముందే ఇంకొందరు వేరే మాట అన్నారు. రాగ్నర్ నర్క్స్ పేదరిక విషవలయం అన్నాడు: ఆదాయం లేదు గనక పొదుపు లేదు, పొదుపు లేదు గనక పెట్టుబడి లేదు, పెట్టుబడి లేదు గనక ఆదాయం లేదు. రోజెన్‌స్టెయిన్ రోడాన్ 1943లోనే దీనికి మందు చెప్పాడు. ఒక్క చెప్పుల ఫ్యాక్టరీ పెడితే దాని కూలీలు జీతమంతా పెట్టి చెప్పులే కొనరు గదా, అందుకే పది రకాల ఫ్యాక్టరీలు ఒకేసారి పెడితే ఒకరి సరుకు ఇంకొకరు కొంటారు అని. దీన్నే బిగ్ పుష్ అంటారు. మన పంచవర్ష ప్రణాళికల్లో ఈ ఆలోచన నీడ కనిపిస్తుంది. అంత డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, దాన్ని ఎవరు కాజేయకుండా చూస్తారు అనే ప్రశ్నల దగ్గర ఇది చతికిలబడింది.

ఆర్థర్ లూయిస్ మీద నాకు గౌరవం ఎక్కువ. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన నల్లజాతి మనిషి, 1979లో నోబెల్ అందుకున్నాడు. ఆయన 1954 వ్యాసం సారం ఇది: పల్లెల్లో ఒకరు చేసే పనిని ముగ్గురు పంచుకుంటున్నారు, అందులో ఇద్దరు వెళ్లిపోయినా పంట తగ్గదు. ఆ ఇద్దర్నీ పట్నం ఫ్యాక్టరీ తక్కువ కూలికి తీసుకుంటుంది, లాభాన్ని మళ్లీ ఫ్యాక్టరీలోనే పెడుతుంది, ఇంకో ఇద్దర్ని పిలుస్తుంది. పల్లెలో మిగులు మనుషులు అయిపోయిన రోజున కూలి రేట్లు లేస్తాయి. తైవాన్, కొరియా, తర్వాత చైనా చాలావరకు ఈ దారిలోనే నడిచాయి.

ఇక్కడ ఏమైంది? మనుషులైతే కదిలారు. పద్మశాలీలు భివండి పోయారు, షోలాపూర్ పోయారు, సూరత్ పోయారు. జగిత్యాల, నిజామాబాద్ దిక్కువాళ్లు దుబాయి, మస్కట్ పోయారు. ఫ్యాక్టరీ ఇంకోచోట ఉంది గనక లాభం తిరిగి పెట్టుబడి అయింది కూడా ఇంకోచోటే. గల్ఫ్ డబ్బుతో ఊళ్లో డాబా లేచింది, చెల్లె పెండ్లి అయింది, కొంత అప్పు తీరింది. లూయిస్ గీసిన బొమ్మలో మనిషి, మిల్లు ఒకే కాగితం మీద ఉంటాయి.

జెండా పాట

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి సీజన్లో ఒకసారి పొద్దున్నే వెళ్లి నిలబడండి. లాటిన్ అమెరికా అర్థశాస్త్రం అక్కడ బాగా అర్థమవుతుంది. మొదట జెండా పాట. యార్డులో ఉన్నవాటిలో మంచి లాటుకు ఖరీదుదారులు పాడే ధర అది. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. తర్వాత మిగతా బస్తాల దగ్గరికి వచ్చేసరికి తేమ ఎక్కువుందంటారు, తాలు ఉందంటారు, రంగు లేదంటారు, ధర మెట్టు మెట్టు దిగుతుంది. కాంటా అయ్యాక అడ్తి (కమీషన్), హమాలీ, దడువాయి (తూకం వేసేవాడు) ఖర్చులు పోగా మిగిలిన డబ్బుకు చేతికి తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ వస్తుంది. ఆ డబ్బుతోనే రైతు పక్క దుకాణంలో డీఏపీ, పురుగుమందు కొంటాడు. అక్కడ పాట ఉండదు. డబ్బా మీద అచ్చేసిన ధరకు కొనాలి. అమ్మేటప్పుడు ధర అవతలివాడు చెబుతాడు, కొనేటప్పుడూ అవతలివాడే చెబుతాడు.

రౌల్ ప్రెబిష్ అర్జెంటీనా కేంద్ర బ్యాంకు నడిపినవాడు. గోధుమ, మాంసం అమ్మి యంత్రాలు కొనే దేశం అది. ముప్పైల మాంద్యంలో తమ సరుకు ధర ఎట్లా పాతాళానికి పోయిందో దగ్గర్నుంచి చూశాడు. ఐక్యరాజ్యసమితి లాటిన్ అమెరికా కమిషన్‌కు 1949లో రాసిన నివేదికలో, ముడిసరుకు ధరలు ఫ్యాక్టరీ సరుకు ధరలతో పోలిస్తే దీర్ఘకాలంలో తగ్గుతూ వస్తాయని వాదించాడు. ఇంచుమించు అప్పుడే హన్స్ సింగర్ కూడా విడిగా అదే చెప్పాడు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని వర్తక నిబంధనలు అంటారు. ఆ మాట వింటే ఏదో జీవో అనిపిస్తుంది. నిజానికి అది ఒక క్వింటా పత్తి అమ్మితే ఎన్ని లీటర్ల డీజిల్ వస్తుందనే లెక్క.

ఎందుకు తగ్గుతుంది? కారణాలు రెండు. మనిషి ఆదాయం రెండింతలైతే రెండింతలు అన్నం తినడు, ఫోనూ బండీ కొంటాడు. అందుకే ముడిసరుకు గిరాకీ నెమ్మదిగా పెరుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. జర్మనీ ఫ్యాక్టరీలో యంత్రం మెరుగుపడితే ఆ లాభాన్ని కార్మిక సంఘం జీతంగా, కంపెనీ లాభంగా పంచుకుంటాయి, ధర పెద్దగా దిగదు. పరకాల చేనులో దిగుబడి పెరిగితే యార్డుకు బస్తాలు ఎక్కువొచ్చి ధర పడిపోతుంది. రైతు పడ్డ కష్టం ఫలం ఎక్కడో బట్ట కొనేవాడికి చవకగా చేరుతుంది. రైతులకు సంఘం లేదు, సరుకు ఆపుకునే గోదాము లేదు, అప్పిచ్చినవాడు ఇంటి ముందే ఉన్నాడు.

ఆర్థికవేత్తలు గ్రిల్లీ, యాంగ్ 1988లో 1900 నుంచి లెక్కలు తీసి, ఆ తగ్గుదల నిజమే కానీ ఏడాదికి అర శాతం చిల్లరే అని తేల్చారు. ఎనభై ఏళ్లలో అది చిన్న సంగతేం కాదు. అయితే 2000 తర్వాత చైనా గిరాకీతో కొన్నేళ్లు లెక్క తిరగబడింది కూడా. ఇంకో చిక్కు ఆస్ట్రేలియా. ఊలు, ఇనుప ఖనిజం, బొగ్గు అమ్ముకుంటూనే ధనిక దేశమైంది. కాబట్టి ముడిసరుకు అమ్మడం ఒక్కటే శాపం కాదు. ఎవరు, ఏ షరతుల మీద అమ్ముతున్నారన్నది చూడాలి.

మోటుగా ఒక లెక్క చేద్దాం. క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే 33, 34 కిలోల దూది వస్తుంది, మిగతాది గింజ. వడకడం, నేయడంలో పోయింది తీసేస్తే 25 కిలోల బట్ట అనుకోండి. చొక్కాకు పావు కిలో వేస్తే వంద చొక్కాలు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, అదీ తేమ 12 శాతం దాటకపోతే సీసీఐ (భారత పత్తి సంస్థ) తీసుకుంటుంది. దుకాణంలో చొక్కా వెయ్యి అనుకుంటే వంద చొక్కాలు లక్ష. తొంబై వేల పైచిలుకు దారిలో ఎక్కడెక్కడ దిగిందో, ఆ ఊళ్ల పేర్లు రాసుకుంటూ పోతే అదే ప్రపంచ ఆర్థిక పటం.

ఎవరికి ఎవరు కాలనీ?

ప్రెబిష్ చెప్పిన మందు, దిగుమతులకు అడ్డుకట్ట వేసి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకోవడం. లాటిన్ అమెరికా అది చేసింది, మనమూ చేశాం, ఆశించినంత ఫలితం రాలేదు. అప్పుడు ఆండ్రే గుండర్ ఫ్రాంక్ వచ్చాడు. 1966లో ఆయన వేసిన దెబ్బ రోస్టో మెట్టు మీద పడింది. మొదటి మెట్టు అంటూ ఏదీ లేదన్నాడు. వెనకబాటు పుట్టుకతో వచ్చేది కాదు, తయారు చేసేది. లండన్ ముందుకు పోవడం, పెరూ గని ఊళ్లు వెనక్కి పోవడం ఒకే చర్యకు రెండు కొసలు. మహానగరం ఉపగ్రహాన్ని పీలుస్తుంది, ఆ ఉపగ్రహం తన కింది ఉపగ్రహాన్ని పీలుస్తుంది, ఈ గొలుసు చివరి పల్లె దాకా సాగుతుంది. గయానాకు చెందిన వాల్టర్ రాడ్నీ 1972లో ఆఫ్రికా గురించి ఇట్లాంటి వాదనే చేశాడు, 1980లో బాంబు పేలుడులో హతుడయ్యాడు. మన దాదాభాయి నౌరోజీ అయితే వీళ్లందరికన్నా ముందే భారతదేశపు సంపద ఇంగ్లండుకు ఎట్లా తరలిపోతున్నదో లెక్కలు కట్టాడు.

సింగరేణి పుట్టుక చూస్తే ఫ్రాంక్ గొలుసు కళ్లకు కట్టినట్టుంటుంది. 1886లో ఇల్లెందు బొగ్గు హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో రిజిస్టరైంది. దాని వాటాల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. బొగ్గు ఇక్కడ, వాటాదారులు అక్కడ, నడుమ రైలు. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొనేదాకా ఇదీ వరస.

ఈ భాషను తెలంగాణ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. అంతర్గత వలస అనే మాట ఇక్కడి బహిరంగ సభల్లో నలిగి పాతబడింది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం, 1969లో ఉద్యమం, తెలంగాణ మిగులు నిధులు తేల్చడానికి అదే ఏడు కుమార్ లలిత్ కమిటీ. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల్లో పరాధీనతా సిద్ధాంతం మొత్తం ఇమిడిపోతుంది. ఆ వాదాన్ని జీవితమంతా అంకెలతో నిలబెట్టిన కొత్తపల్లి జయశంకర్ అర్థశాస్త్ర అధ్యాపకుడు, మన అక్కంపేట మనిషి. 1934లో పుట్టాడు, ఆజంజాహి మిల్లుదీ అదే సంవత్సరం.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన మాట. ఫ్రాంక్ చెప్పింది నిజమైతే గొలుసు తెంచగానే చివరి కొస లేవాలి. 2014 జూన్ 2న ఒక లంకె తెగింది. రాష్ట్రం నిజంగానే సంపన్నమైంది. కానీ హైదరాబాద్‌ను ఆనుకున్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం వరంగల్ కన్నా మూడు రెట్లకు పైనే ఉంది. అక్కడి కోకాపేటలో ఎకరం వేలానికి వచ్చిన ధర వింటే నర్సంపేటలో నవ్వాలో ఏడవాలో తెలియదు. అంటే ఒక మహానగరం స్థానంలో ఇంకోటి వచ్చిందా? బ్రెజిల్‌కు చెందిన కార్డోసో ఈ చిక్కును ముందే పసిగట్టాడు. పరాధీనంగా ఉంటూనే ఎదగడం కూడా సాధ్యమే, చూడాల్సింది లోపలి వర్గాల పొత్తులు అన్నాడు. తర్వాత ఆయనే బ్రెజిల్ అధ్యక్షుడై సరళీకరణ అమలు చేశాడు. సిద్ధాంతకర్తలకు అధికారమిస్తే ఏమవుతుందో చెప్పడానికి క్లాసులో నేను ఈ ఉదాహరణే వాడతాను.

హైదరాబాద్–వరంగల్ ముచ్చటకు నాకు ఫ్రాంక్ కన్నా గున్నార్ మిర్డాల్ బాగా పనికొస్తాడు. స్వీడన్ మనిషి, 1957లో రాశాడు. ఒకచోట కాస్త ఊపు వస్తే అది తనను తానే పెంచుకుంటుంది. చదివిన పిల్లలు అక్కడికే పోతారు, బ్యాంకులో దాచిన డబ్బు అప్పుగా అక్కడికే పోతుంది, మంచి డాక్టరు అక్కడికే పోతాడు. వెనకబడ్డ చోటు ఇంకా ఖాళీ అవుతుంది. ఇది ప్రతికూల ప్రభావం. దీనికి ఎదురుగా విస్తరణ ప్రభావం ఉంటుంది, అంటే పట్నం పెరిగితే చుట్టుపక్కల కూరగాయలకు, పాలకు, చిన్న పరిశ్రమకు గిరాకీ రావడం. పేద ప్రాంతాల్లో మొదటిది బలంగా, రెండోది నీరసంగా ఉంటుంది, మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే తేడా పెరుగుతుందే గాని తగ్గదు అన్నాడు. ఇందులో కుట్ర లేదు, దొంగ లేడు. నిట్ వరంగల్‌లో చదివినవాళ్లలో ఎందరు వరంగల్‌లో పని చేస్తున్నారో అడిగితే చాలు. మా కోచింగ్ సెంటర్ కూడా ఆ యంత్రంలో ఒక చక్రమే. పిల్లల్ని ఊళ్ల నుంచి లాగి హైదరాబాదు దిక్కు విసిరేయడమే మా పని.

నేల, నియమాలు

2024 నోబెల్ అందుకున్న ఏసమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లు చెప్పేది సంస్థల గురించి. కొందరే పిండుకునేలా నియమాలుంటే ఆ దేశం పేదగానే ఉంటుంది, ఎక్కువమందికి ఆస్తిహక్కు, అవకాశం ఉంటే ఎదుగుతుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మకు ఇది చెప్పాల్సిన పని లేదు. పండిన పంట ఇంటికొస్తుందో దొర గడీకి పోతుందో తెలియనప్పుడు చేనుకు ఎరువెవరు తోలుతారు? వెట్టిలో పనికి కూలే లేనప్పుడు నైపుణ్యం దేనికి? అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో బ్రిటిష్ ఇండియా జిల్లాల మీద ఒక లెక్క తీశారు. భూస్వాముల చేతిలో శిస్తు వసూలున్న జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడిచినా వ్యవసాయ పెట్టుబడిలో, దిగుబడిలో వెనకే ఉన్నాయని తేలింది. మనది నిజాం రాజ్యం గనక ఆ లెక్కలో లేము. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, దేశ్‌ముఖుల గడీలు పాడుబడ్డాయి, కానీ కౌలు రైతుకు ఈరోజుకీ పాస్‌బుక్కులో పేరుండదు.

కొరియా కథ ఇక్కడే చెప్పాలి. 1950 భూసంస్కరణలో ఒక కుటుంబానికి సుమారు మూడు హెక్టార్ల గరిష్ఠ పరిమితి పెట్టి నిజంగానే అమలు చేశారు. 1961 తర్వాత సైనిక ప్రభుత్వం కంపెనీలకు చవక అప్పులిచ్చింది, ఎగుమతి లక్ష్యం తప్పితే ఆ అప్పు ఆపేసింది. స్వేచ్ఛా మార్కెట్ వాళ్లు ఎగుమతులు చూపించి ఇది మా గెలుపంటారు, ప్రభుత్వ జోక్యం కావాలనేవాళ్లు ఆ చవక అప్పులు చూపించి మా గెలుపంటారు. నాకు కనిపించేది మధ్యలో ఉంది: సబ్సిడీ ఇచ్చి, పని కాకపోతే వెనక్కి లాక్కునే దమ్ము. మన దగ్గర ఇవ్వడం వరకే జరిగింది.

1989లో జాన్ విలియమ్సన్ వాషింగ్టన్ ఏకాభిప్రాయం అని పేరుపెట్టిన జాబితా మనకు 1991లో వచ్చింది: లోటు తగ్గించు, దిగుమతులు తెరువు, ప్రభుత్వ సంస్థలు అమ్ము. దేశం మొత్తానికి వృద్ధి పెరిగిన మాట నిజం. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద పురుగు పడి, మందులు పనిచేయక, అప్పులిచ్చిన దుకాణదారే మందు అమ్మినవాడై, రైతులు ఆ మందే తాగి చనిపోయిన మాటా నిజం. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పగలిగే సిద్ధాంతం నాకు దొరకలేదు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసి, ఆనక గడువు డిసెంబరు 31 దాకా పెంచింది. నూలు మిల్లులకు అది ఊపిరి. సరిగ్గా అవే నెలల్లో ఏనుమాములకు కొత్త పత్తి వస్తుంది.

పెద్ద సిద్ధాంతాలతో విసిగి చిన్న ప్రయోగాల దారి పట్టినవాళ్లు బెనర్జీ, డుఫ్లో, క్రేమర్. 2019 నోబెల్ వాళ్లదే. వాళ్ల బృందం సూక్ష్మ రుణాల మీద చేసిన పేరున్న ప్రయోగం హైదరాబాదు బస్తీల్లోనే జరిగింది: 104 బస్తీలు, సగంలో రుణాలు, సగంలో లేవు. కొన్ని చిన్న వ్యాపారాలు పెరిగాయి గాని కుటుంబాల ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబడిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2010 అక్టోబరులో, వారం వారం కిస్తీల వేధింపులు భరించలేని స్థాయికి పోయి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అమర్త్య సేన్ గురించి ఒక్క ముక్కే చెబుతాను, ఆయన్ని పిల్లలు ఎట్లాగూ బాగానే చదువుతారు: ఆదాయం ఎంతన్నది కాదు, మనిషి ఏం చేయగలడు, ఏం కాగలడు అన్నది అభివృద్ధికి కొలత.

ముడి ఎక్కడ పడింది

చివరికి నేను ఆల్బర్ట్ హిర్ష్‌మన్ దగ్గర ఆగుతాను. 1958లో ఆయన చెప్పింది సాదా మాట. ఒక పరిశ్రమ పెట్టినప్పుడు దానికి ముడిసరుకు అందించే పని వెనక పుడుతుందా, దాని సరుకుతో ఇంకోటి చేసే పని ముందు పుడుతుందా చూడు. ఇట్లాంటి ముడులు ఎక్కువ పడే పరిశ్రమ ప్రాంతాన్ని లేపుతుంది. ఏమీ పడకపోతే అది పరాయి పొలంలో దించిన గుడారం.

గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో 2017 అక్టోబరులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. కొరియా కంపెనీ యంగ్‌వన్ అక్కడ దుస్తుల ఫ్యాక్టరీలు పెట్టింది. 1960లో మనతో పాటు పేదల జాబితాలో ఉన్న దేశం నుంచి వచ్చి ఇప్పుడు మన పిల్లలకు కుట్టుమిషను పని ఇస్తున్నది. అదే పార్కులో వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి నార తీసే ఫ్యాక్టరీ కూడా ఉంది. ఉద్యోగాలు వస్తాయి, వాటిని తీసిపారేయను. కానీ గేటు బయట నల్లరేగడిలో ఉన్నది పత్తి. ఆ పత్తి జిన్నింగ్ మిల్లుదాకా పోయి, 170 కిలోల బేలుగా లారీ ఎక్కి ఎక్కువగా తమిళనాడుకో, ఇంకో దిక్కుకో పోతుంది. వడికే మిల్లు, నేసే మిల్లు, రంగులద్దే మిల్లు ఇక్కడ పడితే, వరంగల్ కొత్తవాడ మగ్గానికి ఇక్కడి నూలే అందితే, ముడి పడ్డట్టు.

ఈ ఏడు క్లాసులో మెట్లు గీయలేదు. బోర్డు మధ్యలో ఒక బేలు గీసి, దాంట్లోంచి నాలుగు దిక్కులకూ గీతలు లాగి, ఏ గీత ఎక్కడ ఆగుతుందో పిల్లల్నే రాయమన్నాను. గింజ ఎటు పోతుంది, నూనె మిల్లెక్కడ, పత్తి చెక్క ఎవరి బర్రె తింటుంది, నూలెక్కడ, రంగెక్కడ, గుండీ ఎక్కడ. అరగంటలో బోర్డు నిండిపోయింది. పరకాల పిల్లగాడు వాళ్ల నాయినకు ఫోన్ చేసి మరీ జిన్నింగ్ మిల్లు పేరు కనుక్కున్నాడు. చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: “సార్, ఇది బిట్ల వస్తదా?”

రాదన్నాను. అయినా రాసుకుంది.